ట్యాంకు నుంచి ట్యాంకుకు: లారాపింటా కాలిబాటలో నా అనుభవం

ఆస్ట్రేలియా నడిబొడ్డున, నార్దర్న్ టెరిటరీలోని ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణం దగ్గర మొదలై, వెస్ట్ మెక్‌డొనెల్ కొండల వెన్ను మీదుగా పడమరకు సాగే లారాపింటా కాలిబాట 220 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. దీనిని 12 భాగాలుగా విభజించారు. పట్టణం అంచున ఉన్న పాత టెలిగ్రాఫ్ స్టేషన్ ఒక కొస అయితే, 1,380 మీటర్ల ఎత్తున్న మౌంట్ సోండర్ శిఖరం రెండో కొస. ఎర్రటి రాతి గట్లు, ఇసుక తప్ప నీరు కనిపించని వాగులు, కొండను నిలువునా కోసినట్లున్న గండ్లు, ముళ్ళలాంటి గడ్డితో నిండిన మైదానాలు ఈ దారి పొడవునా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మెల్‌బోర్న్‌లో స్థిరపడిన నేను, నా భార్య, అడిలైడ్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది కలిసి, బరువంతా వీపున మోసుకుంటూ, రాత్రిళ్ళు టెంటు వేసుకుని పడుకుంటూ ఈ దారిని తూర్పు నుంచి పడమరకు పూర్తిగా నడిచాం. ఇలాంటి ప్రయాణం చేయాలనుకునే మన తెలుగువారు ఇక్కడ చాలామంది ఉన్నారు. వారందరూ ముందుగా అడిగేది ఎంత దూరం నడవగలగాలని. నా అనుభవంలో ఈ నడకను నడిపించేది కాళ్ళ సత్తువ కాదు, నీళ్ళ లెక్క. ఎప్పుడు బయలుదేరాలి, ఎక్కడ ఆగాలి, ఏమి వండుకోవాలి, ఎంత బరువు మోయాలి అనే ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ లెక్కలోనే ఉంటుంది.

నేను పుట్టి పెరిగింది అనంతపురం జిల్లాలో. వాన కోసం ఆకాశం వైపు చూడడం, ఎండిన ఏటి ఇసుకలో చెలమ తవ్వి నీళ్ళు తోడుకోవడం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అయినా ఆలిస్ స్ప్రింగ్స్‌లో సగటున ఏడాదికి కురిసే వాన సుమారు 280 మిల్లీమీటర్లే, అంటే కరువు సీమగా పేరుపడ్డ మా జిల్లాలో కురిసేదానిలో సగం మాత్రమే. ఆ కొద్దిపాటి వాన కూడా ఏ నెలలో పడుతుందో, ఏ ఏడాది అసలు పడదో ఎవరూ చెప్పలేరు. అందువల్ల పటంలో నీలిగీతగా కనిపించే వాగును నమ్ముకుని ఇక్కడ ఎవరూ నడవరు. పార్కు అధికారులు భాగాల మొదట్లోనూ మరికొన్ని చోట్లా ట్యాంకులు పెట్టి వాటిని నింపుతుంటారు. నడిచేవారి ప్రాణం ఆ ట్యాంకుల మీదే ఆధారపడి ఉంటుంది.

నడకకు అనువైన కాలం మే నుంచి ఆగస్టు వరకు. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ పగటి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి ఆ రోజుల్లో ఈ దారిన బరువుతో నడవాలన్న ఆలోచనే చేయకూడదు. జూలైలో పగలు 20 డిగ్రీల దగ్గర హాయిగా ఉన్నా కొన్ని రాత్రులు సున్నా కంటే దిగువకు పడిపోతుంది. మన దగ్గర ఎడారి అనగానే వేడి ఒక్కటే గుర్తొస్తుంది కానీ, మేఘం లేని ఆకాశం కింద, తేమ లేని గాలిలో, పగలు వేడెక్కిన నేల పొద్దు గుంకగానే ఎంత త్వరగా చల్లబడుతుందో అక్కడ పడుకుంటే గాని తెలియదు. మేము జూన్ చివరిలో బయలుదేరాం. మైనస్ అయిదు డిగ్రీల వరకు తట్టుకునే స్లీపింగ్ బ్యాగులు తీసుకువెళ్ళాం. కొన్ని తెల్లవారుజాముల్లో సీసాల్లోని నీళ్ళు పైపైన గడ్డకట్టి మూత తీసినా బయటికి రాలేదు. ఆ తర్వాత నుంచి సీసాలను తలకిందులుగా పెట్టి పడుకున్నాం, అలా చేస్తే మంచు అడుగువైపు కట్టి మూతి తెరుచుకునే ఉంటుంది.

బయలుదేరే ముందు కొన్ని వారాల పాటు ప్రతి సాయంత్రం మేము పటం ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఒక ట్యాంకు నుంచి మరో ట్యాంకుకు దూరమెంత, ఎక్కుడు ఎంత, దానికి ఎన్ని గంటలు పడుతుంది, మధ్యలో పడుకోవలసి వస్తే అదనంగా ఎన్ని లీటర్లు కావాలి అని కాగితం మీద గీతలు గీసి రాసుకున్నాం. చలికాలంలో కూడా మనిషికి నడకలో మూడు లీటర్లు, వంటకూ రాత్రి తాగడానికీ మరో రెండు లీటర్లు కావాలని లెక్క వేసుకున్నాం. లీటరు నీళ్ళంటే కిలో బరువు. టెంటు, పరుపు, బట్టలు, తిండి కలిపి ఒక్కొక్కరికి 13 కిలోల దాకా తేలింది. దాని మీద ఆరు లీటర్ల నీళ్ళు పెడితే వీపు మీద పడే బరువు ఎంతవుతుందో చూసుకున్నాక, మొదట అవసరమనిపించిన వస్తువులెన్నో సంచిలోంచి వాటంతట అవే బయటికి వచ్చేశాయి.

తిండి మొత్తం ఒకేసారి మోసుకువెళ్ళడం సాధ్యం కాదు. దారిలో వచ్చే స్టాండ్లీ చాజమ్ దగ్గరి దుకాణంలోనూ, ఎల్లరీ క్రీక్, ఆర్మిస్టన్ గార్జ్ దగ్గర తాళం వేసి ఉండే గదుల్లోనూ ముందే పెట్టెలు దాచుకునే ఏర్పాటు ఉంది. ఆ గదుల తాళంచెవిని పట్టణంలోని పర్యాటక సమాచార కేంద్రంలో కొంత సొమ్ము బయానాగా కట్టి తీసుకోవాలి. ఎలుకలు ప్లాస్టిక్ సంచులను కొరికేస్తాయి కనుక గట్టి మూత ఉన్న డబ్బాలు వాడాలి. మా డబ్బాల్లో ఇంట్లోనే తాలింపు వేసి వేయించిన ఉప్మా రవ్వ, పలుచని అటుకులు, కందిపొడి, చారు పొడి, సున్నుండలు, పల్లీ చిక్కీలు, ఎండు ఖర్జూరం పెట్టుకున్నాం. నా భార్య ఒక్కొక్క పూటకు సరిపడా రవ్వను విడివిడిగా పొట్లాలు కట్టి, ప్రతి పొట్లం మీద ఎన్ని కప్పుల నీళ్ళు పోయాలో రాసి పెట్టింది. కొండ మీద చలికి వేళ్ళు కొంకర్లు పోయినప్పుడు ఆ చిన్న రాత ఎంత ఉపయోగపడిందో చెప్పలేను.

మిగిలిన సామానులో మూడు విషయాలు మాత్రం చెప్పాలి. దారిలో చాలా చోట్ల ఫోను పనిచేయదు కాబట్టి, ఉపగ్రహానికి ఆపద సంకేతం పంపే వ్యక్తిగత బీకన్ తప్పనిసరిగా ఉండాలి. దానిని ఆస్ట్రేలియా సముద్ర భద్రతా సంస్థ దగ్గర ఉచితంగా నమోదు చేయించి, మా ప్రయాణ వివరాలను అందులో రాసి ఉంచాం. రెండోది పరుపు. ఇక్కడి స్పినిఫెక్స్ గడ్డి పోచలు సూదుల్లా గుచ్చుకుంటాయి కాబట్టి గాలి నింపే పరుపు ఒక్కదాన్నే నమ్ముకోకుండా, మడత పెట్టే ఫోమ్ చాపను కింద పరుచుకోవడం మేలు. మూడోది బూట్లు. ఈ కొండల క్వార్ట్‌జైట్ రాయి అంచులు కత్తిలా పదునుగా ఉంటాయి. అరిగిన అడుగులతో బయలుదేరిన బూట్లు సగం దారిలోనే విచ్చిపోయినవారు మాకు ఎదురయ్యారు. గ్యాసు డబ్బాలను విమానంలో అనుమతించరు, వాటిని ఆలిస్ స్ప్రింగ్స్‌లోనే కొనుక్కోవాలి. పార్కు అనుమతి పత్రం, కాలిబాట రుసుము ముందే ఆన్‌లైన్‌లో చూసుకోవాలి.

అడిలైడ్‌ను డార్విన్‌తో కలిపిన తంతి మార్గంలో భాగంగా 1872లో కట్టిన టెలిగ్రాఫ్ స్టేషన్ రాతి గదుల పక్క నుంచి మా నడక మొదలైంది. తొలి భాగం సుమారు 24 కిలోమీటర్లు ఉంటుంది. యూరో రిడ్జ్ అనే గట్టు మీద నిలబడితే వెనుక పట్టణమూ, ముందు మేము నడవవలసిన కొండల వరుసా రెండూ కనిపిస్తాయి. సింప్సన్స్ గ్యాప్ అనే గండి దగ్గర సాయంత్రం పూట నల్లపాదాల రాతి వాలబీలు, అంటే కంగారూ జాతి చిన్న జంతువులు, బండల మీద ఒకదాని వెంట ఒకటి దూకుతూ కనిపించాయి. బండ రంగు, వాటి ఒంటి రంగు ఒకటే కాబట్టి అవి కదిలినప్పుడే కంటికి ఆనుతాయి.

మొదటి రోజుల్లోనే ట్యాంకు దగ్గర మాకు ఒక పద్ధతి ఏర్పడింది. బరువు దించగానే కూర్చోవడం కాకుండా, ముందు ట్యాంకు గోడ మీద వేలి కణుపుతో పైనుంచి కిందికి తట్టుకుంటూ వచ్చేవాళ్ళం. బోలుగా మోగుతున్న శబ్దం ఏ ఎత్తులో బరువుగా మారుతుందో అక్కడిదాకా నీళ్ళున్నట్లు. తరువాత కుళాయి తిప్పి, సీసాలు నింపి, వాటిలో శుద్ధి బిళ్ళలు వేసి, గడియారం చూసి అరగంట ఆగేవాళ్ళం. ఆ తర్వాతే కూర్చోవడం, బూట్లు విప్పడం. అక్కడ ఉండే పుస్తకంలో మా పేర్లు, తేదీ, తరువాత ఎక్కడికి వెళుతున్నామో రాసేవాళ్ళం. ఎవరైనా తప్పిపోతే వెతికేవారికి ఆ రాతే తొలి ఆధారం. మా బావమరిదికి ఈ తట్టి చూసే పని బాగా పట్టుబడి, "బావా, ఇందులో సగానికి పైనే ఉన్నాయి, నిశ్చింతగా తాగు" అని దూరం నుంచే చెప్పేవాడు.

నీళ్ళ లెక్క నిజంగా పరీక్షకు నిలిచింది నాలుగో భాగంలో. స్టాండ్లీ చాజమ్ రెండు వైపులా 80 మీటర్ల నిలువు గోడల మధ్య ఉన్న ఇరుకు సందు. మధ్యాహ్నం కొద్దిసేపు సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు ఆ గోడలు నిప్పుకణికల రంగుకు తిరుగుతాయి. ఇది స్థానిక అరండ ప్రజల సొంత భూమి, దుకాణాన్నీ విడిదినీ నడిపేది కూడా వారే. అక్కడి నుంచి బ్రింక్లీ బ్లఫ్ అనే 1,209 మీటర్ల శిఖరం మీదికి ఎక్కాలి. ఆ శిఖరం మీద పడుకోవాలని మేము మొదటి నుంచీ అనుకున్నాం. అయితే పైన చుక్క నీరుండదు. ఆ రోజు నడకకు, రాత్రికి, మర్నాడు కిందికి దిగి బర్త్‌డే వాటర్‌హోల్ దగ్గరి ట్యాంకు చేరేదాకా కావలసిన నీళ్ళన్నీ స్టాండ్లీ చాజమ్ నుంచే మోసుకుపోవాలి. మనిషికి ఆరున్నర లీటర్లు నింపుకున్నాం. రివీల్ శాడిల్ దాటాక దారి గట్టు అంచునే సాగుతుంది. బరువు ఒక పక్కకు ఒరిగితే మనిషీ అటే ఒరుగుతాడు కాబట్టి సీసాలను సంచిలో వెన్నుకు ఆనించి, రెండు పక్కలా సమానంగా సర్దుకున్నాం. గంటకు రెండు కిలోమీటర్లకు మించి నడవలేకపోయాం.

పైకి చేరేసరికి పొద్దు వాలుతోంది. శిఖరం మీద నేల అంతా రాయే, టెంటు మేకులు దిగవు. ఇంతకుముందు వచ్చినవారు గాలికి అడ్డంగా మోకాలెత్తు రాతి గోడలు పేర్చి ఉంచారు. టెంటు తాళ్ళను పెద్ద రాళ్ళకు చుట్టి, ఆ గోడల చాటున వేసుకున్నాం. వంట మొదలుపెట్టే ముందు నీళ్ళన్నీ వరుసగా పెట్టి, మర్నాటి నడక కోసం తలా రెండు లీటర్లు పక్కకు తీశాం. వాటిని రాత్రి ముట్టుకోకూడదని నా భార్య తన స్లీపింగ్ బ్యాగు పక్కనే పెట్టుకుంది. మిగిలిన వాటితో ఉప్మా చేసుకున్నాం. తిన్న గిన్నెలోనే చారు పొడి వేసి, వేడినీళ్ళు పోసి, చెంచాతో అంచులన్నీ గీకి కలుపుకుని తాగేశాం. దాంతో గిన్నె కడగడానికి వేరే నీళ్ళు అక్కర్లేకపోయింది, చలిలో ఒంటికి ఉప్పూ వేడీ అందాయి. ఆ తర్వాత మిగిలిన దారంతా ట్యాంకు పక్కన ఉన్న రోజున కూడా మేము అలాగే చేశాం.

ఆ రాత్రి నాకు ఎక్కువగా నిద్ర పట్టలేదు, పట్టాలని కూడా అనుకోలేదు. చుట్టూ ఎటు చూసినా ఒక్క దీపం లేదు. పాలపుంత ఒక కొండ వరుస నుంచి మరో కొండ వరుస దాకా నడుమ తెగకుండా కనిపించింది. 1860 ఏప్రిల్‌లో జాన్ మెక్‌డోవల్ స్టూవర్ట్ ఖండం మధ్యకు దారి వెతుక్కుంటూ ఈ కొండల గుండానే ఉత్తరానికి సాగి, వీటికి దక్షిణ ఆస్ట్రేలియా గవర్నరు పేరు పెట్టాడు. ఆయన కంటే వేల ఏళ్ళ ముందు నుంచీ ఇక్కడ బతుకుతున్న అరండ ప్రజలు ఏ గండిలో ఏ కాలానికి నీరు నిలుస్తుందో, ఏ ఇసుకను ఎంత లోతు తవ్వితే ఊరుతుందో తెలిసినవారు. పటమూ ట్యాంకూ చేతిలో ఉన్న మాకే ఒక్క రాత్రి నీటికి ఇంత లెక్క కావలసి వచ్చిందంటే, ఏ ట్యాంకూ లేకుండా పిల్లాపాపలతో ఈ నేల మీద తరతరాలు నిలిచినవారి జ్ఞానం ఎంతటిదో నాకు ఆ శిఖరం మీద గట్టిగా తెలిసివచ్చింది.

అయిదో భాగం దూరం చూస్తే 16 కిలోమీటర్లే గాని రోజంతా పట్టింది. రేజర్‌బ్యాక్ రిడ్జ్ మీద బాట ఒక అడుగు వెడల్పుకు తగ్గుతుంది. ఆ తరువాత దిగే హ్యూ గార్జ్‌లో బాట అంటూ ఉండదు, తల కంటే పెద్ద గుండ్ల మీద నుంచి గుండ్ల మీదికి అడుగు వేసుకుంటూ పోవడమే. గండి చివర మడుగు అడ్డం వచ్చింది. వానలు బాగా పడిన ఏళ్ళలో అది ఛాతీ లోతుకు చేరుతుందట, మాకు మాత్రం నడుము దాటలేదు. సంచులను పెద్ద ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, నెత్తిన పెట్టుకుని ఒక్కొక్కరమే దాటాం. ఎండ పడని ఆ నీళ్ళు కాళ్ళను మొద్దుబారేలా చేశాయి. దాటగానే బట్టలు మార్చుకోకపోతే ఒళ్ళు త్వరగా చల్లబడి ప్రమాదం అవుతుంది కాబట్టి పొడి బట్టలు అన్నిటికంటే పైన పెట్టుకున్నాం.

ఆరో భాగం దీనికి పూర్తిగా భిన్నం. 31 కిలోమీటర్ల పొడవున చదునైన మైదానం, ముల్గా తుప్పలు, నీడ లేని దారి, ఈగలు. మధ్యలో రాకీ గల్లీ దగ్గర ట్యాంకు ఉంది. కొండల కంటే ఇక్కడే దాహం ఎక్కువ వేసింది, ఎందుకంటే చదును నేల మీద వేగంగా నడుస్తామే గాని గాలి ఆడదు. తెల్లవారకముందే తలదీపాలు పెట్టుకుని బయలుదేరి, మధ్యాహ్నానికి ఆ ట్యాంకు చేరి, మిగిలిన దూరం మర్నాటికి వదిలేశాం. ముఖానికి ఈగల వల లేకుండా ఈ భాగం నడవడం కష్టం.

ఎల్లరీ క్రీక్ దగ్గర పెద్ద మడుగు ఉంది. ఇన్ని రోజుల దుమ్ము తరువాత అందులోకి దిగాలని ఎవరికైనా ఉంటుంది. అయితే ఒంటికి రాసుకున్న సన్‌స్క్రీన్, సబ్బు, ఈగల మందు ఆ నిలవ నీటిలో కలిస్తే చేపలకూ, ఆ నీరే ఆధారమైన పక్షులకూ జంతువులకూ హాని. అందుకని గిన్నెతో ముంచుకుని, మడుగుకు దూరంగా వెళ్ళి, సబ్బు లేకుండా ఒళ్ళు తుడుచుకున్నాం. మలవిసర్జనకు కూడా నీటికి వంద మీటర్ల దూరంలో గుంత తవ్వి కప్పెట్టి, కాగితాన్ని సంచిలో వేసుకుని తిరిగి తీసుకురావాలి. ఎడారిలో ఏదీ త్వరగా కుళ్ళదు, గాలికి బయటపడుతుంది. ఈ నియమాలు పాటించని ఆనవాళ్ళు కొన్ని విడిదుల దగ్గర కనిపించి మాకు బాధ కలిగింది.

బాధ కలిగించినది మరొకటి ఉంది. పశువుల మేత కోసమూ దుమ్ము అణచడానికీ తెచ్చి నాటిన బఫెల్ గడ్డి ఇప్పుడు వాగుల వెంట దట్టంగా అల్లుకుపోయింది. అది ఎండితే స్థానిక గడ్డి కంటే వేడిగా మండుతుంది, మండాక ముందుగా అదే మొలుస్తుంది. 2019 జనవరిలో పిడుగుపాటుకు చెలరేగిన మంట ఈ పార్కులో పెద్ద భాగాన్ని కాల్చేసింది. నల్లబడిన మొదళ్ళతో నిలబడ్డ పాత నది గమ్ (యూకలిప్టస్ జాతి) చెట్లను ఇప్పటికీ చూడవచ్చు. గ్యాసు పొయ్యి తప్ప మరే మంటా మేము వెలిగించలేదు. ఆ చెట్ల కొమ్మలు గాలి లేకపోయినా ఉన్నట్టుండి విరిగిపడతాయి కాబట్టి వాటి నీడలో టెంటూ వేయలేదు.

తొమ్మిదో భాగం మరో గట్టి పరీక్ష. సర్పెంటైన్ షాలే డ్యామ్ నుంచి ఆర్మిస్టన్ గార్జ్ వరకు 28 కిలోమీటర్లకు పైగా దారిలో ట్యాంకు లేదు. బ్రింక్లీ బ్లఫ్ మీద నేర్చుకున్నదంతా ఇక్కడ పనికొచ్చింది. ఇనర్లంగా పాస్‌లో రాతి గోడల నీడన సైకడ్ మొక్కలు పొట్టి ఈతచెట్ల గుంపులా పెరిగి ఉన్నాయి. ఈ ప్రాంతం తడిగా ఉన్న పురాతన కాలం నుంచి మిగిలిపోయిన వంశమది. ఆ సందు నుంచి పక్కకు వెళితే ఓకర్ పిట్స్ వస్తాయి. ఎరుపు, పసుపు, తెలుపు పొరలున్న ఆ మట్టిని అరండ ప్రజలు తమ ఆచార కార్యాలకు వాడతారు. చిటికెడు కూడా ముట్టుకోకూడదని బోర్డు ఉంది. మేము బాట మీద నిలబడి చూసి వెనుదిరిగాం. మైదానం దాటి మళ్ళీ గట్టు ఎక్కే చోట రాత్రి ఆగి, మర్నాడు ఆర్మిస్టన్ చేరేసరికి మూడు సీసాల్లో కలిపి ఒక లీటరు మిగిలింది. అంత మిగలాలనే లెక్క వేసుకున్నాం, అంతే మిగిలింది. నా భార్య ఆ లీటరు చూపించి "ఇది అత్తయ్యగారికి చెప్పండి, మీ ఊరి పొదుపు ఇక్కడిదాకా వచ్చిందని" అంది.

ఆ తరువాతి దారి త్వరగా సాగింది. ఫింక్ నది ఇసుకను దాటి, రెడ్‌బ్యాంక్ గార్జ్ చేరి, చివరి రోజు తెల్లవారుజామున మూడు గంటలకు తలదీపాలతో మౌంట్ సోండర్ ఎక్కాం. అరండ ప్రజలు రుచిప్మా అని పిలిచే ఆ శిఖరానికి వెళ్ళిరావడం దాదాపు 16 కిలోమీటర్లు. పైన గాలి చాలా చల్లగా ఉంటుంది కాబట్టి తెచ్చుకున్న బట్టలన్నీ వేసుకోవాలి. తూర్పున వెలుగు వచ్చాక మేము నడిచి వచ్చిన గట్లను ఒక్కొక్కటిగా పేర్లతో గుర్తుపట్టగలిగాం. బ్రింక్లీ బ్లఫ్ ఏదో ముందుగా చెప్పినవాడు మా బావమరిదే.

కిందికి దిగేసరికి ముందుగా మాట్లాడుకున్న వాహనం రెడ్‌బ్యాంక్ దగ్గర సిద్ధంగా ఉంది. ఈ బండి ముందే కుదుర్చుకోవాలి, ఎందుకంటే అక్కడి నుంచి పట్టణానికి వేరే ప్రయాణ సాధనం దొరకదు. తిరుగు దారిలో ఆర్మిస్టన్, ఎల్లరీ క్రీక్ గదుల దగ్గర బండి ఆపించి ఖాళీ డబ్బాలను, మా చెత్త సంచులను తీసుకుని, పట్టణంలో తాళంచెవి అప్పగించి బయానా సొమ్ము వెనక్కి తీసుకున్నాం. మిగిలిపోయిన రెండు గ్యాసు డబ్బాలను మర్నాడు బయలుదేరబోతున్న ఒక జంటకు ఇచ్చి, ఏ ట్యాంకులో నీళ్ళు ఎంతెంత ఎత్తున ఉన్నాయో వారి పటం మీద రాసి ఇచ్చాం.